మొదటి వరస కదలదు

మా నాయిన ఎడమచెయ్యి ఎప్పటి నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టిందో డాక్టరుకు తెలియదు, మా అమ్మకు తెలియదు, ఆయనకే సరిగ్గా తెలియదు. నాకు తెలుసు. ఏ పాట నాటికి ఎంత ఆలస్యమో అంకెతో సహా చెప్పగలను. నా లాప్‌టాప్‌లో ఐదు పాటలున్నాయి. ఒక్కో పాటకు ఒక్కో సెట్టింగుల డబ్బా ఉంటుంది, ఆ డబ్బాలో కింది వైపు ఒక అంకె ఉంటుంది. ఐదు అంకెలనూ ఒకదాని కింద ఒకటి రాస్తే అది ఒక రోగి చీటీ అవుతుంది. దాన్ని నేను రెండేళ్లపాటు నా గొప్పతనం అనుకున్నాను.

మాది తాండూరు. పొద్దున ప్యాసింజర్ రైలెక్కి వికారాబాద్ పోతాను. అక్కడ స్టేషన్ దగ్గర ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెళ్లి ఫ్లెక్సీలు, పోయినవాళ్ల ఫ్లెక్సీలు, మధ్యలో ఎవరైనా ఆన్‌లైన్ అర్జీ పెట్టమని వస్తే అదీ. దుకాణం ఓనరు కొత్త మిషన్లు కొన్నప్పుడు ఒక పాత లాప్‌టాప్‌ను తూకానికి వేయబోతే అడిగి తెచ్చుకున్నాను. పాటలు చేసే పెద్ద సాఫ్ట్‌వేర్లు ఏవి ఎక్కించినా అది మూలిగి పడుకునేది. ట్రాకర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఒక్కటే దాంట్లో నడిచింది. అట్లా అది నా పాలిట పడింది, నేను దాని పాలిట పడ్డాను.

ట్రాకర్‌లో పాట పక్కకు పోదు, పై నుంచి కిందికి దిగుతుంది. హాజరు పట్టీలో ఉన్నట్టు అడ్డంగా వరసలు, నిలువుగా గళ్లు. ఒక గడి తబలాకు, ఒకటి కంజీరకు, ఒకటి కీబోర్డుకు. ఏ వరసలో ఏ దెబ్బ పడాలో అక్షరాలూ అంకెలూ కొట్టి పెడితే, తెర మీద ఒక పట్టీ దిగుతూ వచ్చి ఒక్కో వరసను మోగిస్తుంది. మా అమ్మ మొదటిసారి చూసి, ఇది పాట లెక్క లేదు, కరెంటు బిల్లు లెక్క ఉంది అన్నది.

ఈ వరసలన్నిటి మీదా పెత్తనం చేసేది పాట సెట్టింగుల డబ్బా. అందులో ఏం పెట్టినా పాట మొత్తానికి వర్తిస్తుంది, ఒక వాయిద్యానికి ఒకటి, ఇంకో దానికి ఇంకొకటి అనే పక్షపాతం ఉండదు. నిమిషానికి ఎన్ని బీట్లు, బీటుకు ఎన్ని వరసలు, మొత్తం మీద శబ్దం ఎంత. వీటన్నిటి కింద గ్రూవ్ అని ఒకటి. నేను బీటుకు నాలుగు వరసలు పెడతాను. గ్రూవ్ బంద్ చేసి ఉంటే నాలుగూ ఒకే ఎడంతో వస్తాయి, పోలీసు కవాతులాగా. గ్రూవ్ పెడితే రెండో వరస, నాలుగో వరస కాస్త వెనక్కి జరుగుతాయి. పాటకు ఊపు వచ్చేది ఆ కాస్తలోనే. ఎంత జరగాలో చెప్పడానికి సున్నా నుంచి నూరు దాకా జరిపే గీతలుంటాయి. ఒకటో వరసకు, మూడో వరసకు మాత్రం గీత లేదు. ముఖ్యంగా ఒకటోది ఎక్కడ పడాలో అక్కడే పడాలి, దాన్ని పట్టుకునే మిగతావాటి ఆలస్యం కొలుస్తారు కాబట్టి దాన్ని జరిపే ఏర్పాటే అందులో లేదు. ఇది తెలుసుకున్న రోజు నాకు పెద్ద విషయంగా అనిపించలేదు. ఇంట్లో నాయినకు కూడా అట్లాగే మామూలుగా చెప్పాను.

నాయినది ఒక సేటు నడిపే బండల పాలిష్ యూనిట్‌లో పని. తాండూరు చుట్టుపక్కల నేల తవ్వితే నాపరాయే, ఆ రాయిని కోసి నునుపు చేసే షెడ్లు రోడ్డు పొడుగునా ఉంటాయి. షెడ్ల నుంచి బూడిదరంగు నీళ్లు కాలువల్లోకి పారుతుంటాయి. కోసిన ఆరడుగుల బండను ఇద్దరు మనుషులు రెండు కొసలా పట్టుకుని మిషన్ మీది నుంచి లేపి పక్కన నిలబెట్టాలి. నాయినా, ఆయన జోడీ మనిషీ పదిహేనేళ్లుగా ఒకే బండకు రెండు కొసలు. ఆ జోడీ ఆయనను నేను మామా అంటాను. "ఒకటి, రెండు, ఎత్త్" అని మామ అంటాడు, ఎత్త్ అనగానే ఇద్దరూ ఒక్కసారి లేపాలి. ఒక కొస ముందు లేచి ఇంకో కొస వెనక లేస్తే బండ పక్కకు వాలుతుంది. వాలిన బండను ఆపే బలం మనిషికి లేదు. చిన్నప్పటి నుంచి ఈ మాట మా ఇంట్లో విన్నాను.

డప్పు మా తాతది. యాలాల్ దగ్గరి పల్లెలో తాత డప్పు కొట్టేవాడు. మా వాళ్లు చర్చికి పోవడం మొదలయ్యాక పెద్దలు అది సావు డప్పు, మందిరంలోకి వద్దన్నారు, డప్పు అటకెక్కింది. తర్వాత చాలా ఏళ్లకు ఒక క్రిస్మస్ ఊరేగింపుకు ఢోలక్ ఆయన రాకపోతే, నాయిన డప్పు దించి, చితుకుల మంట మీద కాచి, భుజాన వేసుకున్నాడు. ఆ రోజు వీధిలో నిలబడి చూడనివాళ్లు లేరు. అప్పటి నుంచి దాన్ని సావు డప్పు అని ఎవరూ అనలేదు. అవసరం పడితే అన్ని డప్పులూ దేవుడివే అవుతాయి.

డప్పుకు రెండు పుల్లలు. కుడిచేతిలో పొట్టిది, లావుది, సిర్ర. ఎడమచేతిలో పొడుగుది, సన్నది, చిటికెన పుల్ల. సిర్ర మాట చెబుతుంది, చిటికెన పుల్ల ఊ కొడుతుంది. నా భాషలో చెప్పాలంటే ఒకటో వరస, మూడో వరస సిర్రవి, రెండో వరస, నాలుగో వరస చిటికెన పుల్లవి.

మా చర్చి కోసం చేసిన మొదటి పాటకు నాయినను ముందు గదిలో కూర్చోబెట్టాను. గోడకు పరుపులు ఆనించి, ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టి, టిక్కు టిక్కుమని బీటు వినిపిస్తూ రికార్డు చేశాను. తెర మీద చూస్తే సిర్ర దెబ్బలు వరసల మీదే పడుతున్నాయి, చిటికెన పుల్ల దెబ్బలు కొంచెం వెనక. ఆ దెబ్బలను కోసి ముందుకు జరపొచ్చు, చాలామంది అదే చేస్తారు. నేను వీడియోల్లో నేర్చుకున్నది వేరు. చేతిని మిషన్ దారికి తేకు, మిషన్‌నే చేతి దారికి తీసుకురా. గ్రూవ్ గీతను కొద్దికొద్దిగా జరుపుతూ పోతే పదకొండు దగ్గర వరసలు వచ్చి నాయిన దెబ్బల కింద కూర్చున్నాయి. పాట మొత్తానికి వర్తించే సెట్టింగు కదా, తబలా, కంజీర, కీబోర్డు అన్నీ ఆయన ఎంత ఆగితే అంత ఆగాయి. వింటే ఒళ్లు ఊగింది. మనిషి వాయించినట్టుందని కాదు, పదిమంది మనుషులు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని వాయించినట్టుంది.

ఆ పాట మర్పల్లి చర్చీల దాకా పోయింది. పెద్దేముల్ పోయే షేర్ ఆటోలో మోగుతుంటే మా అమ్మ విని, ఇది మా ఇంట్లో చేసిందే అని ఆటోలో అందరికీ చెప్పుకుందట. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, ఆ పాట మాత్రం ఊరికీ ముద్దయింది. వికారాబాద్‌లో రికార్డింగ్ పెట్టుకున్న ఒకాయన దుకాణానికి వచ్చి ఆ ఊపు ఎట్లా తెచ్చావని అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను. అంకె చెబితే వాడుకుంటాడని నా భయం.

రెండో పాట ఒక పెళ్లికి. అప్పుడు గీత పదహారు దగ్గర ఆగింది. పాట నెమ్మదిది, ఊపు ఎక్కువ పడుతుందిలే అనుకున్నాను. మూడో పాటకు ఇరవై రెండు. ఈసారి నాకే అనుమానం వచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మైకు మీద నెపం వేశాను, వైరు మార్చాను, పాత లాప్‌టాప్ కదా శబ్దం లోపలికి ఆలస్యంగా పోతున్నదేమో అనుకున్నాను. అదే నిజమైతే రెండు చేతులూ ఆలస్యం కావాలి. సిర్ర దెబ్బ ఒకటో వరస మీద మేకు దిగినట్టు పడుతూనే ఉంది. అది నేను చూశాను. చూసి గీత జరిపాను.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకొన్ని కనిపించాయి. నాయిన నడుస్తుంటే కుడిచెయ్యి ఊగేది, ఎడమచెయ్యి ఒంటికి అంటుకుని ఉండేది. ఎడమకాలి చెప్పు అప్పుడప్పుడు వెనకే ఉండిపోయేది, రెండడుగులు వేశాక తెలిసి తిరిగొచ్చేవాడు. అమ్మ చాయ్ గ్లాసును ఆయన కుడివైపు పెట్టడం మొదలుపెట్టింది. చొక్కా గుండీలు ఆమే పెట్టేది, ముసలితనంలో సరసాలేందని నేను ఆట పట్టించేదాన్ని. ఆమె నవ్వేది కాదు. ఆమె నవ్వకపోవడం నాకు అప్పుడు వినిపించలేదు.

నాలుగో పాట ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక రికార్డు చేశాం. గీత ఇరవై తొమ్మిది దాకా పోయింది. నాయిన డప్పు దించి, చిటికెన పుల్లను వేళ్ల మధ్య తిప్పి చూసుకున్నాడు. కొత్తదేదో చేతికొచ్చినట్టు చూశాడు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"బిడ్డా, నిజం చెప్పు. నేను జర ఎనకకు పోతున్ననా?"

నేను తల తిప్పకుండానే ఎందుకట్లా అడుగుతున్నావు అన్నాను.

"పనికాడ అనుమానమొస్తుంది. ఎత్త్ అన్నంక నా కొస లేసుడు ఆలస్యమైతున్నట్టు కొడ్తుంది. గట్లనే ఉంటే సేటుకు చెప్పి ఎత్తే పని ఇడిసిపెడ్త. పాలిష్ కాడ నిలబడ్త."

ఆయన గొంతులో భయం ఉంది. ఆ భయం నాకు నచ్చలేదు, అది నిజం. పాట నాలుగు రోజుల్లో ఇవ్వాలి, నా ఊపు గురించి ఊరంతా మాట్లాడుతోంది, ఈ మనిషి ఇప్పుడు అనుమానాలు పెట్టుకుంటే ఎట్లా అన్న చిరాకు కూడా వచ్చింది. తెరను ఆయన వైపు తిప్పాను. అప్పటికే వరసలను జరిపేశాను కాబట్టి ఆయన దెబ్బలన్నీ వరసల మీద బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

"సూడు నాయినా, ఒక్క దెబ్బ గూడ తప్పలె. గది నీ ఊపు."

ఆయన తెర మీద వేలు పెట్టి వరస వరసా దిగాడు. కింది దాకా దిగి, మళ్లీ పైకి పోయి ఇంకోసారి దిగాడు. "మిషిన్ అబద్ధం చెప్పదు గద," అని మోకాళ్ల మీద చేతులానించి లేచాడు. ఆ వారమంతా హుషారుగా ఉన్నాడు. సేటు దగ్గర ఎత్తే పని వదిలిపెట్టే మాట ఎత్తలేదు.

మిషన్ అబద్ధం చెప్పలేదు. నేను చెప్పించాను.

ఐదో పాటకు ముప్పై ఏడు. ఆ అంకె దగ్గర కంజీర దాదాపు తూలుతూ వస్తుంది, తాగినవాడు గుమ్మం దాటినట్టు. జనానికి అది ఇంకా నచ్చింది. నాకు మాత్రం ఆ పాట పూర్తిగా వినబుద్ధి కాలేదు. ఫోన్‌లో పెట్టుకుని రైల్లో వింటూ, సగంలో ఆపి కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. ఎందుకని నన్ను నేను అడగలేదు. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుందని లోపల ఎవరికో తెలిసే ఉంటుంది.

కందులు మార్కెట్‌కు వస్తున్న రోజులవి. మామ వాళ్ల బిడ్డ మర్పల్లిలో ఇల్లు కట్టుకుంది, గృహప్రవేశానికని మామ మూడు రోజులు సెలవు పెట్టాడు. పోయే ముందు రోజు మా ఇంటికి వచ్చి, నేను లేనప్పుడు ఎత్తే పనికి పోకు, వేరే పని అడుగు అని నాయినతో అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నాయిన కూడా అడగలేదు. అమ్మ లోపల నుంచి విని, చాయ్ తెచ్చి నాయిన గ్లాసును ఆయన కుడివైపు పెట్టింది. చాయ్ తాగి మామ వెళ్లిపోయాడు.

ఒక్క దెబ్బ కూడా తప్పలేదని నేను చూపించాను కదా, మరునాడు నాయిన ఎత్తే పనికే పోయాడు. మామ స్థానంలో సేటు ఒక కొత్త మనిషిని పెట్టాడు. కన్నడం మాట్లాడే ఊరి నుంచి పనికి వచ్చినవాడు, ముప్పై ఏళ్లుంటాయి, మంచి కండ ఉన్నవాడు. పన్నెండు గంటలకు అమ్మ నాకు ఫోన్ చేసింది. బండ పడింది అన్నది. ఎవరి మీద అని నేను అడిగేలోపే ఆమే చెప్పింది, నాయినకు ఏం కాలేదు, కొత్తాయన పాదం మీద పడింది, ఎముకలు విరిగినయట. నేను కుర్చీలో వెనక్కి వాలాను. ముందు వచ్చింది సంతోషం. దాన్ని ఇంకో పేరుతో పిలిచి లాభం లేదు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి నాయిన గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. కొత్తోడు తొందరపడ్డాడని అందరూ అంటున్నారని చెప్పాడు. ఎత్త్ అని పూర్తిగా అనకముందే తన కొస లేపేశాడట, సేటు కూడా అదే తేల్చాడట, తొందర మనిషి మనకొద్దని పనిలోంచి తీసేశాడట. ఇంతా చెప్పి నాయిన అన్నం ముందు కూర్చుని తినకుండా లేచాడు.

మరునాడు దుకాణంలో మధ్యాహ్నం జనం లేనప్పుడు సంచిలోంచి నా లాప్‌టాప్ తీశాను. ఐదో పాట తెరిచాను. సెట్టింగుల డబ్బాలో గ్రూవ్ పక్కన ఒక చిన్న మీట ఉంటుంది, బంద్ చేయడానికి. పాట చేసినన్నాళ్లూ ఒక్కసారి కూడా దాన్ని నొక్కలేదు. నొక్కాను. తబలా, కంజీర, కీబోర్డు తమ తమ అసలు చోట్లకు పోయి నిలబడ్డాయి. నాయిన డప్పు రికార్డు చేసింది కాబట్టి అది ఎక్కడికీ పోలేదు. అందరూ ముందుకు పోతే ఆయన ఒక్కడే వెనక ఉండిపోయాడు. సిర్ర వేళకు పడుతోంది, చిటికెన పుల్ల ఒక కాలు ఈడ్చుకుంటూ వస్తోంది, మళ్లీ సిర్ర వేళకు, మళ్లీ చిటికెన పుల్ల ఈడ్చుకుంటూ. అది ఊపు కాదు. ఐదు నిమిషాల పాటలో ఒక్క దెబ్బయినా ఆయన కావాలని ఆగినట్టు లేదు, రాలేక ఆగినట్టే ఉంది.

మిగతా నాలుగు పాటలూ తెరిచాను. ఫ్లెక్సీ ఆర్డర్లు రాసుకునే కాగితం మీద అంకెలు వేశాను. పదకొండు, పదహారు, ఇరవై రెండు, ఇరవై తొమ్మిది, ముప్పై ఏడు. చదవడానికి డాక్టరు అక్కర్లేదు. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకున్నాను, సాయంత్రం దాకా ఎవరి పుట్టినరోజో ఏమో ఫ్లెక్సీ మీద పేరు రెండుసార్లు తప్పు కొట్టాను.

ధైర్యం రావడానికి ఇంకో రోజు పట్టింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాయినను కూర్చోబెట్టి, చెవులకు ఇయర్‌ఫోన్ పెట్టి, ముందు గ్రూవ్‌తో వినిపించాను. తల ఊపాడు. తర్వాత మీట నొక్కి వినిపించాను. తల ఆగిపోయింది. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి కూడా పెట్టించుకున్నాడు. నేను కాగితం తీసి అంకెలు చూపించి, ఏ పాటకు ఎంత జరిపానో, జరిపితే ఎట్లా తెలియకుండా పోతుందో చెప్పాను. చెబుతూనే ఏడ్చాను. ఆయన ఏడవలేదు, అరవలేదు. ఇయర్‌ఫోన్ వైరును చుట్టి నా చేతిలో పెట్టాడు.

"నేను అడిగిన గద బిడ్డా ఆ దినం," అన్నాడు.

ఆ ఒక్క మాటే. నా మీద చెయ్యి చేసుకున్నా బాగుండేది.

సోమవారం నేను దుకాణానికి పోలేదు. నాయిన వెంట యూనిట్‌కు పోయాను. సేటు తన గదిలో ఫోన్ మాట్లాడుతున్నాడు, అది అయ్యేదాకా నాయిన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి పోయి కూర్చోకుండానే చెప్పాడు. "ఆ మనిషి యేళకే లేపిండు సేటు. నా చెయ్యి ఆలస్యమైంది. తప్పు నాది." సేటు మా ఇద్దరి ముఖాలూ చూశాడు. కొత్తతని ఆసుపత్రి సంగతి తను చూస్తానని, నయమయ్యాక పనిలోకి పిలుస్తానని అన్నాడు. నాయినను మాత్రం మరునాటి నుంచి రావద్దన్నాడు. పాలిష్ దగ్గరికి కూడా వద్దన్నాడు. అడిగిన రోజే నేను నిజం చెప్పి ఉంటే ఆ పాలిష్ దగ్గరి పని ఆయనకు దొరికేది.

అక్కణ్నుంచి కొత్తతను అద్దెకుండే గదికి పోయాం. పాదానికి కట్టు కట్టి దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. నాయిన చెప్పింది విని, వచ్చీరాని తెలుగులో, నీ కొస లేవలేదని నాకు అప్పుడే తెలుసు, కొత్తవాడి మాట ఎవరు వింటారని ఊరుకున్నాను అన్నాడు. నాయిన అతని మంచం పక్కన నేల మీద చాలాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు కుడిచెయ్యి ఆనించి లేచాడు.

మామ మర్పల్లి నుంచి వచ్చాక మా ఇంటి అరుగు మీద కూర్చుని తన సంగతి చెప్పాడు. ఏడాది నుంచీ ఎత్త్ అన్నాక తను ఒక ఊపిరి ఆగి లేపేవాడట. నాయిన కొస కదిలిందని చేతికి తెలిశాకే తన కొస లేపేవాడట. చెబితే పని పోతుందని, చెప్పకపోతే తను ఉన్నాడు కదా అని అనుకున్నాడట. అమ్మ అప్పుడు గుండీల సంగతి చెప్పింది, చాయ్ గ్లాసు సంగతి చెప్పింది. తిలాపాపం తలా పిడికెడు. ప్రేమతోనే చేశాం, అందరం తలా ఒక గీత జరుపుకుంటూ వచ్చాం. ఆయన చుట్టూ లోకమంతా ఆయన కోసం ఆగుతుంటే ఆయనకు తను ఆలస్యమని ఎట్లా తెలుస్తుంది? ఆగనివాడు ఒక్కడొచ్చాడు. వాడి కాలు విరిగింది.

వికారాబాద్‌లో నరాల డాక్టరు నాయిన చేత వేళ్లు ఆడింపజేసి, నడిపించి, కాగితం మీద రాయించి చూశాడు. పార్కిన్సన్స్ అన్నాడు. వణుకు రోగం అంటారు గానీ అందరికీ వణుకుతోనే మొదలు కాదట, కొందరికి ముందు నెమ్మదితనం వస్తుందట, అదీ ఒక పక్క నుంచే. ఎప్పటి నుంచి ఉందని అడిగితే అమ్మ ఆర్నెల్లన్నది, నాయిన ఏడాది అన్నాడు. నేను కాగితం బయటికి తీశాను. డాక్టరు దాన్ని చూసి, ఇవి ఏమిటని అడిగి, నేను చెప్పింది విని, ఇంకోసారి చూశాడు. ముందే వస్తే బాగుండేదని మాత్రం అన్నాడు. రెండో పక్కకు ఎప్పుడు వస్తుందని నాయిన అడిగాడు. చెప్పలేం, కొందరికి చాలా ఏళ్లు పడుతుంది, మందులు వేళకు వేసుకోండి అన్నాడు.

ఇంటికొచ్చిన రోజే నాయిన నాకు ఒక షరతు పెట్టాడు. "ఇగ నన్ను రికార్డు చేస్తే గా గ్రూవ్ బంద్ వెట్టు. ఎంతుంటే గంత చెప్పు." ఒప్పుకున్నాను. అప్పటి నుంచి నెలకో ఆదివారం ముందు గదిలో పరుపులు ఆనించి కూర్చుంటాం. పాట కోసం కాదు, ఆ పాటలు అడిగేవాళ్లకు లేవని చెప్పేశాను. ఆయన రెండు నిమిషాలు కొడతాడు. నేను కొలవడానికి ఒకసారి గీత జరిపి, అంకె చెప్పి, మళ్లీ సున్నాకు తెచ్చి బంద్ చేస్తాను. మందులు పట్టిన కొత్తలో ముప్పై ఏడు కాస్తా ఇరవై ఎనిమిదికి దిగింది. ఆ రోజు అమ్మ సేమియా చేసింది. తర్వాత ముప్పై అయింది. తర్వాత ముప్పై మూడు. ముప్పై మూడు దగ్గర మూడు నెలలు నిలబడింది, మేము కూడా దాని మీద నిలబడ్డాం.

మొన్నటి ఆదివారం కూడా అట్లాగే కూర్చున్నాం. ఆయన కొట్టాడు, నేను గీత జరిపాను. ముప్పై మూడు దగ్గర రెండో వరస కుదిరింది, నాలుగోది కుదిరింది. అంకె చెప్పబోయి ఆగాను. ఒకటో వరస దగ్గర, వరసకూ దెబ్బకూ మధ్య, వెంట్రుకంత ఖాళీ ఉంది. వైరు ఊడదీసి మళ్లీ పెట్టాను. కిందికి దిగి చూశాను. ఒక బీటుకు ఉంది, ఇంకో బీటుకు లేదు, తర్వాతి రెండు బీట్లకు ఉంది. వైరు మీద నెపం వేయడం నాకు తెలిసిన పనే. చెయ్యి మౌస్ మీద అట్లాగే ఉండిపోయింది.

"ఎంత?" అన్నాడు నాయిన.

"ఎడమది ముప్పై మూడే నాయినా." తెరను ఆయన వైపు తిప్పాను. "ఇయ్యాల కుడిచెయ్యి గూడ జర ఎనకకున్నది."

వంటగదిలో అమ్మ గిన్నెల చప్పుడు ఆగింది. నాయిన సిర్రను ఒళ్లో పెట్టుకుని దాని వైపు చూశాడు. "మొదటి వరసకు గీత లేదంటివి గద," అన్నాడు.

లేదన్నాను.

ఆయన తలూపాడు. డప్పును భుజం మీదికి జరుపుకుని, మల్లొకసారి కొడ్త పెట్టు అన్నాడు. గ్రూవ్ బంద్ ఉందో లేదో చూసుకుని రికార్డు నొక్కాను. నాలుగు టిక్కులు పోయాక ఆయన మొదటి దెబ్బ పడాలి. నాలుగూ లెక్కపెట్టాను.